బాకీలన్నీ తీర్చేసిన మనిషి

కిరాణా కొట్టాయనకి మొత్తం ఇచ్చేశారా? మొత్తమంటే... పాత బాకీతో సహానా?

అయ్యో రామా! ఏవండీ, మీకు మతిగానీ పోయిందా? పోయినసారి మీరు ములాఖత్‌కి వచ్చినప్పుడు, ఇదే గాజు అద్దం ముందు, ఇదే ఫోను పట్టుకుని, చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా? చెల్లి తెచ్చిన డబ్బు ముట్టుకోవద్దు, అది నా బెయిలుకి, ఎవరొచ్చి అడిగినా "మా ఆవిడ వచ్చాక మాట్లాడుతుంది" అని పంపించెయ్యండి అన్నాను. ఇంతేగా అన్నది? ఇందులో మీకు అర్థం కానిదేముంది?

చెల్లి గాజులు కుదవ పెట్టి తెచ్చిన డబ్బండీ అది! వాళ్ళాయనకి కూడా చెప్పలేదు. పొడుగు చేతుల జాకెట్లు వేసుకుని తిరుగుతోందట పాపం, చేతులు బోసిగా కనబడతాయని.

సరే. సరే. అరవను. అదిగో, వార్డరమ్మ ఇటే చూస్తోంది. గొంతు లేస్తే ఫోను లాగేసుకుంటుంది, ఆవిడకి మొహమాటాల్లేవు.

వినండి. నిన్న జడ్జిగారు బెయిలిచ్చారు. తెలుసుగా, లాయరమ్మ మీక్కూడా ఫోన్ చేసింది కదా? లక్ష నగదు పూచీకత్తు. ఇవాళ మధ్యాహ్నం కోర్టులో క్యాషు కౌంటరు మూసేలోపు కట్టేస్తే చీకటి పడేలోపు ఇంట్లో ఉంటాను. కట్టలేదూ, రేపట్నించి కోర్టుకి సెలవులు. ఒకరోజు రెండు రోజులు కాదు, నెల పైన. ఆ నెల పైన నేనిక్కడే. ఈ ముక్కిపోయిన దుప్పట్లోనే. ఇదీ సంగతి.

నిన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు తెలుసా? సంతోషంతో. మా గదిలో టైలరమ్మ ఉందని చెప్పానే, ఆవిడ నా జడ చిక్కు తీసి గట్టిగా అల్లింది. "రేపు మొగుడి ఎదురుగా పిచ్చిదానిలా వెళతావా ఏంటి" అని. నా సబ్బు, నా చెప్పులు, క్యాంటీను ఖాతాలో మిగిలిన డబ్బులు, అన్నీ ఎవరెవరికో పంచేశాను కూడా. అంత నమ్మకంగా ఉన్నాను. పొద్దున్నే మీరొచ్చారని పిలవగానే భయమేసింది. ఈయన కోర్టు దగ్గర లాయరమ్మతో ఉండాలి కదా, ఇక్కడికెందుకొచ్చాడూ అని.

చెప్పండి. కిరాణా ఒక్కటేనా? ఇంకెవరెవరికి కట్టారు?

పాలవాడికి. ఊఁ.

మందుల షాపుకి. ఊఁ. అక్కడ సగమిస్తే చాలండీ! ఆ అమ్మాయి సగం తీసుకుని నవ్వుతూ మందులిస్తుంది. ఎన్నేళ్ళుగానో అలాగే నడుస్తోంది.

అద్దె? అద్దె కూడానా? పైనెలది కూడా కలిపి ముందే ఇచ్చేశారా! ఆ ఇంటాయన అడిగాడా మిమ్మల్ని? అడగలేదుగా? ఆయన అడగడండీ, ఆయనకి మోకాళ్ళ నొప్పులు, మూడంతస్తులు ఎక్కి రాడు. అందుకేగా ఆ ఇల్లు తీసుకున్నాను నేను!

నవ్వకండి. నవ్వొచ్చే సంగతి కాదిది.

మీకు తెలీదు గానీ, సంసారంలో ఎవర్ని ఎన్నాళ్ళు ఆపొచ్చో అదొక లెక్క. కరెంటువాళ్ళు తలుపుకి ఎర్ర చీటీ అంటించేదాకా పట్టించుకోకూడదు. అంటించాక కూడా వారం ఊరుకుంటారు. నీళ్ళవాళ్ళకి మనమున్నామనే గుర్తుండదు. గ్యాసు ఒక్కటే రొఖ్ఖం, దాన్ని ఆపలేం. కిరాణా ఆయనకి పాతది ఎప్పుడూ పూర్తిగా తీర్చకూడదు, కొంచెం మిగల్చాలి. మిగిలుంటేనే మనిషి మర్యాదగా ఉంటాడు, మళ్ళీ సరుకు ఇస్తాడు. పైసాతో సహా తీర్చేశారా, ఇక మనతో పనేముంది? రేపు కిలో బియ్యానికి వెళ్ళి చూడండి, చేతిలో డబ్బు చూపిస్తేగానీ త్రాసెత్తడు.

ఇదంతా మీకు ముందే ఎందుకు చెప్పలేదంటారా? చెప్తే మీరు ఊరుకునేవారా!

మీ సంగతి నాకు తెలీదూ? కాటాలు బాగుచేసి ముద్ర వేసే మనిషి మీరు. ఊళ్ళో సగం కొట్లలో తూకానికి మీ ముద్రే. "నేను ముద్ర వేసే కొట్లో నాకు అప్పుండకూడదే" అని పెళ్ళైన కొత్తలోనే చెప్పారు. అప్పుంటే కాటాలో ముల్లు వాడివైపు జరిపానంటారు, జనం నోటికి మూతలేదు అన్నారు. అబ్బ, ఎంత గొప్పవాడు నా మొగుడు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, వెక్కిరించడం కాదు.

తర్వాత మీ నెల సంపాదన నా చేతిలో పెట్టారు. అప్పుడు తెలిసింది నాకు గొప్పతనం ఖరీదు.

అందుకే అప్పు నా పేరున పెట్టాను. కిరాణా ఆయన్ని, పాలవాణ్ణి, అందర్నీ బతిమాలుకున్నాను. "ఏదున్నా నాతోనే మాట్లాడండి, మా ఆయన చెవిన పడకూడదు" అని. వాళ్ళూ మాట నిలబెట్టుకున్నారు. నేను పనిచేసే ఫర్నిచర్ కొట్టులో జీతం తీసుకోగానే ముందు వాళ్ళకే తిరిగేదాన్ని. మీ అమ్మగారి మోకాళ్ళ ఆపరేషన్ ఎలా అయిందనుకున్నారు? మీ డబ్బుతోనే అనుకున్నారు. అనుకోనిచ్చాను.

పోనీలెండి. అదంతా ఇప్పుడెందుకు.

ఇప్పుడు నేను లోపల పడ్డాను కాబట్టి అందరూ మీ దగ్గరికి వచ్చారు. ఒకడి తర్వాత ఒకడు. అవునా? మీకు తల తీసేసినట్టైంది. జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగి కట్టేసి వచ్చారు. ఊఁ, అర్థమైంది. మీరు కాకపోతే ఇంకెవరు చేస్తారా పని!

సరే. అయిందేదో అయింది. ఏడుస్తూ కూర్చుంటే టైము పోతుంది. ఉండండి, లెక్క వేయనివ్వండి.

కిరాణా, పాలు, మందులు, రెండు నెలల అద్దె... మిగతా చిల్లరమల్లర... ముప్పై. ఎటు తిప్పినా ముప్పై వేలు దాటదు. అంటే ఇంకా డెబ్బై ఉంది. ముప్పై పుట్టించాలి, అంతేగా? అబ్బ, దానికింత మొహం వేలాడేశారేంటి! నా ప్రాణం తీశారు.

జాగ్రత్తగా వినండి. ముందు ఇంటాయన దగ్గరికి వెళ్ళండి. పైనెల అద్దె తిరిగి ఇమ్మనండి. పొరపాటున ఇచ్చానని చెప్పండి. సిగ్గేముంది అందులో? ఆయన ఇస్తాడు, చూడండి, సణుక్కుంటూనే ఇస్తాడు. అది పదకొండు.

తర్వాత లారీల కాటా ఆయన. పెద్ద కాటా, లారీలు ఎక్కి తూగేది. దాన్ని మీరు మూడు రోజులు ఎండలో కూర్చుని బాగుచేశారా లేదా? కూలి ఇచ్చాడా? ఏడాదైంది. మీరు ఎవరికీ బాకీ ఉండకూడదు గానీ మీకు మాత్రం ఊరంతా బాకీ ఉండొచ్చు! ఇవాళ వెళ్ళి అడగండి. "నా పెళ్ళాం జైల్లో ఉంది, డబ్బు కావాలి" అనండి. ఆ మాట వాడుకోండి, ఏం పర్లేదు, నేనేం అనుకోను. అదొక పది.

ఇంకెంత? తొమ్మిది. స్కూటరు. మూలమీద మెకానిక్కు ఎప్పట్నించో అడుగుతున్నాడుగా. తాకట్టు పెట్టుకోమనండి, అమ్మొద్దు. అమ్మితే మీరు కాటారాళ్ళు నెత్తిన పెట్టుకుని తిరగాలి.

నా ఖాతాలో కూడా కొంచెముంది గానీ దాని మాట మర్చిపోండి. ఏం చెయ్యాలన్నా నా ఫోనుకి ఓటీపీ వస్తుంది. నా ఫోనేమో పోలీస్ స్టేషన్లో సంచిలో కట్టి లక్క ముద్ర వేసి పెట్టారు. ఆ ఎస్సైగారు కూర్చుని నా ఓటీపీలు చదువుకుంటున్నారేమో, తెలీదు. అన్నట్టు ఆ నంబరుకి రీచార్జి చేయించండి. చేయించకపోతే నంబరు పోతుంది, నంబరు పోతే ఖాతా పోయినట్టే. ఇవాళ కాదులెండి. ఇవాళ ఇది చూడండి.

అయిపోయింది! ముప్పై వచ్చేసింది. ఇంట్లో ఉన్న డెబ్బై తీసుకుని తిన్నగా కోర్టుకి. లాయరమ్మ గేటు పక్కన జిరాక్సు కొట్టు దగ్గర నిలబడి ఉంటుంది. లేవండి మరి.

లేవండి!

కదలరేం?

ఏవండీ... ఏంటలా చూస్తారు? డెబ్బై ఇంట్లో ఉందిగా?

లేదా? లేదంటే?

ఎవరైనా ఎత్తుకుపోయారా? బీరువాలో పెట్టారా, ఎక్కడ పెట్టారు? చెల్లి వచ్చి వెనక్కి పట్టుకెళ్ళిందా? అది అలా చెయ్యదే! చెప్పండి. తల ఊపితే నాకేం అర్థమవుతుంది? నోటితో చెప్పండి.

ఎవరు? యజమానా? మా ఫర్నిచర్ కొట్టు పెద్ద యజమానే?

మనింటికి వచ్చాడా? నిన్న రాత్రా? ఆయనే? స్వయంగా? ఆ మూడంతస్తులూ ఎక్కి?

ఏమన్నాడు?

ఉండండి, ఉండండి. నెమ్మదిగా చెప్పండి. మన కుర్చీలో కూర్చున్నాడు. మంచినీళ్ళు అడిగాడు. మీ చెయ్యి పట్టుకున్నాడు. "మీరు పెద్దమనిషి, మిమ్మల్ని చూసే వచ్చాను" అన్నాడు. అంటాడు, ఎందుకనడు! "ఆడమనిషిని జైల్లో ఉంచాలని నాకు మాత్రం ఉంటుందా, పోయిన డబ్బు సర్దుబాటు చెయ్యండి, కేసు వెనక్కి తీసుకుంటాను" అన్నాడు.

మీరేమో...

వద్దు. చెప్పొద్దు. ఆ మాట నా చెవిన వేయొద్దు.

ఇచ్చేశారు. డెబ్బై ఆయన చేతిలో పోశారు.

నా బెయిలు డబ్బు తీసుకెళ్ళి, నన్ను లోపల పెట్టించిన వాడి చేతిలో పోశారు.

...

ఏం లేదు. ఉన్నాను. ఫోను చెయ్యి మార్చుకుంటున్నాను.

ఇంకా ఏదో ఉంది. మీ చొక్కా గుండీ తిప్పుతున్నారు. ఏదైనా దాస్తే ఆ గుండీ తిప్పుతారు మీరు. ఏదైనా సంతకం పెట్టారా?

పెట్టారు.

ఏమని రాశాడు అందులో? ఉన్నదున్నట్టు చెప్పండి. ఒక్క ముక్క వదలొద్దు.

"నా భార్య కొట్టు నగదులో చేసిన నాలుగు లక్షల తేడాకు గాను..." ఊఁ. "...డెబ్బై వేలు ఈరోజు చెల్లించి, మిగతా మొత్తం నెలనెలా వాయిదాల్లో..." ఊఁ. నెలకెంత? ఎనిమిది వేలు. ఊఁ.

బాగుంది. చాలా బాగుంది. కరెంటు బిల్లు, నీళ్ళ బిల్లు, గ్యాసు, ఇంటద్దె, ఇప్పుడు కొత్తగా నా దొంగతనం వాయిదా. ఆఖరి తేదీ ఎప్పుడో కూడా చెప్పాడా? రసీదు ఇస్తాడా నెలనెలా?

నవ్వుతున్నానా? ఏమో, నాకు తెలీట్లేదు నేనేం చేస్తున్నానో.

ఏవండీ, కేసు ఆయన వెనక్కి తీసుకుంటానంటే అయిపోతుందా? అది పోలీసుల చేతిలో ఉంది, కోర్టు చేతిలో ఉంది. నిన్ననే లాయరమ్మ అంది, "వాళ్ళు రాజీ అంటూ మీ ఇంటికి వస్తారు, ఒక్క కాగితం మీద కూడా వేలు పెట్టొద్దని మీ ఆయనకి చెప్పండి" అని. ఇవాళ ఇంటికొచ్చాక మీకు చెబుదామనుకున్నాను. అప్పటికే వచ్చి వెళ్ళిపోయాడు! ఆ కాగితం ఇప్పుడు తిన్నగా జడ్జిగారి బల్ల మీదికి వెళుతుంది. "చూడండి, సొంత మొగుడే ఒప్పుకున్నాడు, డబ్బు కూడా కట్టాడు" అంటాడు వాళ్ళ లాయరు. ఇంక నేనెన్ని చెప్పినా ఎవరు వింటారు? నాలుగైదేళ్ళు. తేలిగ్గా పడతాయి.

నా మంచికే చేశారా? ఆహా.

నేను బయటికి వస్తాననే చేశారా?

మరి ఒక్క మాట అడుగుతాను. తప్పించుకోకుండా చెప్పండి. పూచీకత్తు కడితే వచ్చేదాన్నేగా. ఇవాళే వచ్చేదాన్ని. ఆ సంగతి మీకు తెలుసు. తెలిసి కూడా ఆ డబ్బు ఆయనకెందుకిచ్చారు?

నా కళ్ళలోకి చూసి చెప్పండి. నేల మీద ఏముంది?

నేను తీశాననే అనుకున్నారా?

మీరు... ఏవండీ. మీరు కూడానా?

లేదనండి. అబద్ధమైనా సరే, లేదనండి. ఒక్కసారి!

అనరు. మీరు అబద్ధం చెప్పరుగా. మర్చిపోయాను.

ఎన్నిసార్లు చెప్పానండీ మీకు! అన్నాలు తినేటప్పుడు, బట్టలు ఆరేసేటప్పుడు, ఎన్నిసార్లు! చిన్న యజమాని, ఆయన తమ్ముడు, సాయంత్రం వచ్చి గల్లాలో చెయ్యి పెట్టి తీసుకెళతాడు, "అన్నయ్యకి తెలుసులే" అని ఒక చీటీ రాసి పడేస్తాడు, ఆ చీటీ డబ్బు కింద లెక్క వేసి గల్లాలోనే పెడతాను, నెలాఖరుకి పెద్దాయన చూసి సరిచేస్తాడు అని. మీరు ఊఁ కొట్టారు. వినకుండా కొట్టారా ఊఁ? తేడా వచ్చిందన్న నెల చీటీలు మాయమయ్యాయి. గల్లా తాళం రాత్రిపూట వాళ్ళింట్లోనే ఉంటుంది. ఇంతకంటే ఏం చెప్పాలి?

ఆ కొట్టులో మంచాలు, బల్లలు అమ్మినంతకాలం నా గల్లాలో అర్ధరూపాయి తేడా వచ్చిందా? మొదటిసారి వచ్చిన తేడా ఏకంగా నాలుగు లక్షలా? ఆ డబ్బేదీ మరి? నేను తిన్నానా? కట్టుకున్నానా? మీరే చూశారుగా, నన్ను పట్టుకెళ్ళిన రోజు నేను వేసుకున్న చెప్పుల పట్టీ పిన్నీసుతో ఉంది.

ఏంటి? గట్టిగా అనండి, గొణక్కండి.

...

ఓహో. అదా.

"ఇన్నేళ్ళు కిరాణా అప్పు నా దగ్గర దాచినదానివి, ఇది మాత్రం దాచవా" అనా? అలా అనిపించిందా మీకు? కిరాణా ఆయన వచ్చి బాకీ చెప్పిన రోజు అనిపించిందా? పాలవాడొచ్చాడు, కొంచెం గట్టిపడింది. మందుల షాపు అమ్మాయి వచ్చింది, ఇంకొంచెం. అలా ఒక్కొక్కరు వచ్చేకొద్దీ ముల్లు అటు వాలిపోయింది. చివర్న పెద్దాయన వచ్చి కూర్చునేసరికి ఇంకేం మిగల్లేదు. అంతేనా?

అంతే. తల ఊపుతున్నారు. సిగ్గులేకుండా తల ఊపుతున్నారు చూడు!

అవును, దాచాను. బియ్యం బస్తా అప్పు దాచాను. మీ అమ్మగారి మాత్రల అప్పు దాచాను. మీరు కొట్లోకి తలెత్తుకుని వెళ్ళాలని దాచాను. ఆ కొట్టాయన ఎదురుగా నేను తలొంచుకుని నిలబడేదాన్ని, మీరొచ్చి ముద్ర వేసి తలెత్తుకుని వెళ్ళేవారు. ఇన్నేళ్ళు మనిల్లు అలాగే నడిచింది. దాన్ని పట్టుకుని మీరు... నాలుగు లక్షలు... ఛీ!

నాకు కోపం రావట్లేదండీ. రావాలి, రావట్లేదు. ఏదో నొప్పిగా ఉంది. పోలీసులు వచ్చిన రోజు కూడా ఇలా లేదు. ఆరోజు వీధి వీధంతా చూసింది, అయినా లోపల ఒక ధైర్యం. ఎవరేమనుకుంటే నాకేం, ఆయనకి తెలుసుగా అని. ఈ లోపల ఎవరు ఏం కూసినా అదే అనుకునేదాన్ని. టైలరమ్మ ఒకరోజు అడిగింది, "మీ ఆయన నమ్మాడా నిన్ను" అని. పిచ్చిదానివా, అదేం ప్రశ్న అని నవ్వాను ఆవిడ మొహం మీదే.

ఒక్క మాట అడగాల్సింది. పోయినసారి వచ్చారుగా, ఇదే అద్దం ముందు కూర్చున్నారుగా. "తీశావా?" అని అడిగితే ఏమయ్యేది? మీ నోరు పడిపోయేదా? లేదని చెప్పేదాన్ని. తిట్టేదాన్ని, ఏడ్చేదాన్ని, కానీ చెప్పేదాన్ని. అడక్కుండానే తేల్చేసుకుని వెళ్ళి కట్టేశారు. కాటా మీద పెట్టకుండానే తూకం చెప్పేశారు.

తీయలేదు.

ఇదిగో, చెబుతున్నాను. మీరు అడగకపోయినా చెబుతున్నాను. తీయలేదు. ఇది రెండోసారి చెప్పను. నమ్మితే నమ్మండి, లేకపోతే నెలకి ఎనిమిది వేలు కట్టుకోండి.

వద్దు. ఆ అద్దం మీద చెయ్యి పెట్టకండి. నేను పెట్టను.

ఏడవకండి, అందరూ చూస్తున్నారు. ఇక్కడ ఏడ్చేది మేం, మీరు కాదు. మొహం తుడుచుకోండి.

వార్డరమ్మ లేచింది. ఈ వరసలో నాకు ముందు ఇద్దరున్నారు, వాళ్ళని లేపి ఇటే వస్తుంది. ఈ కాస్త టైములో చెప్పేది చెప్పేస్తాను, మధ్యలో అడ్డు రాకండి.

ఇవాళ బెయిలు లేదు. అది పోయింది. దాని గురించి ఎవరి కాళ్ళూ పట్టుకోకండి, లక్ష ఈ మధ్యాహ్నానికి పుట్టదు. చెల్లికి నేను చెప్పుకుంటాను. సెలవులు అయ్యేదాకా ఇక్కడుంటాను. అది కాదు నా బాధ. ఇంక ఉండాల్సింది నెలేనా, ఆ కాగితం పుణ్యమా అని ఏళ్ళా అన్నదే నా బాధ.

ఇక్కణ్ణుంచి తిన్నగా లాయరమ్మ దగ్గరికి వెళ్ళండి. జరిగింది మొత్తం చెప్పండి. తిడుతుంది, తిట్టించుకోండి. తిట్టడం అయ్యాక ఆవిడ ఏమంటుందో నాకిప్పుడే తెలుసు. ఆ కాగితానికి విరుగుడు మీరే. సెలవులయ్యాక కోర్టు తెరుస్తారు, మిమ్మల్ని బోనెక్కిస్తారు. "ఈ డబ్బు ఎందుకు కట్టావయ్యా" అని అడుగుతారు.

"మా ఆవిడ కట్టమంది" అన్నారనుకోండి, నేను ఒప్పుకున్నట్టే. "తెలీక కట్టాను" అన్నారనుకోండి, మిమ్మల్ని చూస్తే ఎవరూ నమ్మరు, మీకు తెలీకపోవడమేంటి, లెక్క తెలిసిన మనిషి.

మీరు చెప్పాల్సింది ఒక్కటే. మా ఆవిడకి తెలీదు. ఆవిడ కట్టమనలేదు. ఆవిడే దొంగతనం చేసిందని నాకు నేనే అనుకున్నాను. అనుకుని, ఆవిణ్ణి అడక్కుండా కట్టేశాను.

అవును, అంతమంది ముందూ.

పెద్ద యజమాని ఉంటాడు, చిన్న యజమాని వెనక బెంచీలో కాలు మీద కాలేసుకుని ఉంటాడు. కిరాణా ఆయన కూడా వస్తాడు, కొట్టు కట్టేసి మరీ వస్తాడు, ఇలాంటివి ఆయన వదలడు. మా చెల్లి ఉంటుంది. మీ అమ్మగారు వస్తానన్నా వస్తారు. నేనూ ఉంటాను. మీకు ఎదురుగానే నిలబెడతారు నన్ను.

చెప్పలేరా?

చెప్పగలరు. ఎందుకు చెప్పలేరు? నేనేం అబద్ధం చెప్పమనట్లేదుగా. మీరు నిజమే చెప్పబోతున్నారు. జీవితమంతా చెప్పినట్టే.

ఆఁ ఆఁ, వస్తున్నానమ్మా, ఒక్క నిమిషం, లేస్తున్నా.

ఏవండీ, ఇటు చూడండి. ఒకసారి ఇక్కడ అనండి. కోర్టులో నోరు తడబడితే నా బతుకు పోతుంది. ఇప్పుడు నాతో అని చూడండి. "నా భార్యే దొంగ అనుకున్నాను."

ఊఁ. అనండి.

పెదాలు కదిపితే కాదు, గొంతు రావాలి.

సగంలో మింగేస్తున్నారు. జడ్జిగారు వయసైన మనిషి, అలా మింగేస్తే ఆయనకేం తెలుస్తుంది? మళ్ళీ.

"దొంగ" దగ్గర ఆగకండి. అక్కడ ఆగితే ఇంకా అనుమానం ఉన్నట్టుంటుంది. మళ్ళీ.

ఆఁ. బాగుంది.

అలాగే చెప్పండి.